సారు ముందే చెప్పారు

పదకొండేళ్లుగా నాకొక మంచి పేరుంది. దాన్ని మోయలేక చస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మాట గొంతు దాకా వచ్చేది, మింగేసేవాణ్ణి. నా భార్యకు చెప్పలేదు. గుడిలో చేతులు జోడించినప్పుడు కూడా ఆ సంగతి తప్పించి మిగతావన్నీ చెప్పుకున్నాను. దేవుడి దగ్గర కూడా దాచుకునేవాడికి ఇంకెవరు దిక్కు? ఇది రాద్దామని ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను. రెండుసార్లు చింపేశాను. మూడోసారి చింపను.

నేనొక పార్కులో పనిచేసేవాణ్ణి. నీళ్ల జారుడుబండలు, జెయింట్ వీల్, బొమ్మ రైలు ఉండే పెద్ద పార్కు. నరసరావుపేట నుంచి బండి మీద గంటలోపే వెళ్లొచ్చు. దాని పేరు రాయను. తప్పు పార్కుది కాదు, నాది. పార్కు వెనక వేపచెట్ల మధ్య ఐదు చెట్టిళ్లు కట్టారు, కుటుంబంతో వచ్చినవాళ్లు ఒక రోజు ఉండిపోవడానికి. పేరుకి చెట్టు మీద ఇల్లే గాని మోసేది ఇనప స్తంభాలు. చెట్టు పక్కన నిలబడి నీడ ఇస్తుంది, అంతే. మనిషికి రెండింతల ఎత్తున చెక్క గది, ముందు చిన్న వరండా, ఎక్కడానికి ఇనప ఫ్రేముకి పలకలు బిగించిన మెట్లు. ఒక్కో ఇంటికి ఒక్కో పిట్ట పేరు పెట్టారు. పాలపిట్ట, గోరింక, పిచ్చుక, జెముడుకాకి, చిలక. జెముడుకాకి పేరు పెట్టినవాణ్ణి ఏమనాలో గాని, ఆ ఇల్లు ఎవరూ అడిగేవాళ్లు కాదు. అందరికీ చిలకే కావాలి. దాని కిటికీలోంచి వేపకొమ్మ ఒకటి గదిలోకి వచ్చి ఉండేది.

ఏ ఇల్లు ఎవరికి ఇవ్వాలో చూసే పని నాది. అందరూ మేనేజరు అనేవాళ్లు. సంతకం పెట్టే అధికారం మాత్రం ఓనరు గారిదే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియకూడదని నా తాపత్రయం.

మస్తాన్ నరసరావుపేటలో మోటార్ల మెకానిక్కు. వారానికి రెండుసార్లు వచ్చి ఆటల యంత్రాలన్నీ చూసి వెళ్లేవాడు. ఒక పండగ రోజున జనం పైన ఉండగానే జెయింట్ వీల్ ఆగిపోయింది. పైన పెట్టెల్లో ఆడవాళ్లు, పిల్లలు ఏడుస్తున్నారు. మస్తాన్ పైకెక్కి, గేరు విడదీసి, చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కొక్క పెట్టెనే కిందికి తెచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆఖరి పెట్టె దిగాక నేను అందరి ముందూ అతని భుజం మీద చెయ్యేసి, “వచ్చే ఆదివారం చిలక మీ ఫ్యామిలీకే భాయ్. నా మాట” అన్నాను.

ఎవరడిగారు నన్ను? అతను అడగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మస్తాన్‌కి. నేను నాకు కొట్టారనుకున్నాను. నాది కాని ఇంటిని దానమిచ్చి పెద్దమనిషినైపోయాను.

శనివారం సాయంత్రం ఓనరు గారు ఫోను చేశారు. ఆయన బంధువుల కుటుంబం మర్నాడు మధ్యాహ్నానికి వస్తుందట, చిలక కావాలట. మిగతా నాలుగు ఇళ్లూ అప్పటికే ఇచ్చేశాం. “అలాగేనండీ” అన్నాను. ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత మస్తాన్‌కి ఉన్న సంగతి చెబితే సరిపోయేది. ఓనరు గారి మనుషులు వస్తున్నారయ్యా, నా చేతిలో లేదు, ఇంకో వారం చూద్దాం అంటే అతను నవ్వి ఊరుకునేవాడు. ఎన్నో ఇళ్లల్లో పనిచేసినవాడు, ఇలాంటివి ఎన్ని చూసి ఉంటాడు! కాని ‘నా చేతిలో లేదు’ అనే ఆ మూడు మాటలు నా నోటికి రాలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇంతా చేసి నేను కాపాడుకున్నది డబ్బు కాదు, ఉద్యోగం కాదు, ఒక మెకానిక్కు ముందు నా గొప్ప.

ఫోను చేశాను.

“మస్తాన్ భాయ్, రేపు కుదిరేటట్టు లేదు. చిలక మెట్లు పాడయినయ్.”

“ఏమయింది సార్?”

“బోల్టులు లూజయినయ్. ఎక్కితే ఊగతన్నయ్. పిల్లతో రావటం మంచిది గాదు.”

అవతల నవ్వాడు.

“ఓస్, బోల్టులే గద సార్. దానికింత ఇదయిపోతారేంది. పొద్దున్నే నేనొచ్చి చూస్తా.”

“వద్దులే భాయ్. సెలవు రోజు నీకెందుకు శ్రమ?”

“శ్రమేముంది సార్. మా అమ్మాయి మూడు రోజుల్నించీ బ్యాగు సర్దుకోని కూర్చుంది. చిలకలో పడుకుంటానని వీధంతా చెప్పొచ్చింది. తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా వస్తా.”

పెట్టేశాడు. మామూలు మనిషికి మెట్లు విరిగాయని చెబితే మానేస్తాడు. మెకానిక్కుకి చెబితే స్పానరు తీసుకుని వస్తాడు. ఆ మాత్రం తట్టలేదు నాకు.

ఇక మెట్లు బాగానే ఉన్నాయని అతను చూడకూడదు. నా బుర్రలో తిరిగింది ఆ ఒక్కటే. ఆ మెట్లని పైన వరండా దూలానికి నాలుగు పొడుగాటి బోల్టులతో బిగించారు. అంత పొడుగువి అతని కొట్లో ఉండవు, గుంటూరు నుంచి రావాలి, ఆదివారం షాపులుండవు. కాబట్టి అవి తీసేసి, లేవని చెబితే చాలు. అతను కళ్లారా చూసి, సరేలే అనుకుని వెళ్లిపోతాడు. తర్వాత నేను మళ్లీ బిగించేస్తాను. మధ్యాహ్నానికి ఓనరు గారి బంధువులు ఎక్కుతారు. అబద్ధాన్ని నిజం చేసి, పని అయ్యాక మళ్లీ అబద్ధం చేసేద్దామనుకున్నాను. అది చానా తెలివైన పని అనిపించింది. అవును, అలాగే అనిపించింది.

ఆదివారం పొద్దున ఎనిమిది దాటాక స్టోరు నుంచి పంతొమ్మిది నంబరు స్పానరు తెచ్చాను. చెట్టిళ్ల వైపు అప్పటికి ఎవరూ రాలేదు. నిచ్చెన వేసుకుని విప్పాను. రెండు తీసి ఆగాను. రెండుంటే వీటితోనే సర్దేస్తా సార్ అంటాడు మస్తాన్, అతని సంగతి నాకు తెలుసు. అందుకని మిగతా రెండూ తీశాను. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. రెండు దగ్గర ఆగి, ఆలోచించి, మిగతా రెండూ తీశాను. పొరపాటున జరిగిందని చెప్పుకోవడానికి నాకు అక్కడ చోటు లేకుండా పోయింది.

నాలుగూ ప్యాంటు జేబులో వేసుకున్నాను. మెట్లు దూలానికి ఆనుకుని అలాగే నిలబడి ఉన్నాయి. చూడ్డానికి ఏ తేడా లేదు. ఎవరైనా ఎక్కుతారేమోనని భయం వేసి, అడ్డంగా కట్టడానికి గొలుసూ ‘రిపేరు’ అని రాసిన బోర్డూ తెద్దామని మళ్లీ స్టోరుకి బయల్దేరాను. రెండు నిమిషాల పని.

దారిలో ఫోను మోగింది. ఓనరు గారి బంధువు. నిలబడిపోయాను. నడుస్తూ మాట్లాడితే వగరుస్తున్నట్టు ఉంటుందని, మర్యాద కాదని, ఫౌంటెన్ పక్కన చేతులు కట్టుకున్నంత పని చేసి మాట్లాడాను. ఆయన తాపీగా చెప్పుకొచ్చాడు. కారు ట్రబులిచ్చిందట. పిల్లలకి జలుబట. ఇవాళ రావడం లేదు, ఇంకోసారి చూద్దాం అన్నాడు. “పర్లేదు సార్, మీ ఇష్టం సార్, ఎప్పుడైనా రండి సార్” అంటున్నాను. చిలక ఖాళీ అయింది. మస్తాన్ కూతురికి ఇవ్వొచ్చు. ఆ సంతోషం ఒక్క క్షణం కలిగింది నాకు. నిజంగా కలిగింది. అప్పుడే వెనక ఇనుము పడ్డ చప్పుడు.

మస్తాన్ ఒక్కడే పనిముట్ల సంచీతో వస్తాడని నేను అనుకున్నాను. పనికి వచ్చేవాడు పెళ్లాం పిల్లల్ని వెంటపెట్టుకు రాడు కదా. కాని అతను పని కోసం రాలేదు. వాళ్లు ముగ్గురూ సరదాగా ఒక రోజు గడపడానికి వచ్చారు, మధ్యలో నాన్నకి పావుగంట పని ఉంది, అంతే. అనుకున్నదానికంటే ముందే వచ్చారు. మస్తాన్ బండి స్టాండు వేస్తున్నాడు. అతని భార్య హసీనా సంచులు దించుతోంది. పదేళ్ల కూతురు రేష్మా చెట్ల మధ్య ఆకుపచ్చ బోర్డు మీద ‘చిలక’ అని చదువుకుని పరిగెత్తింది.

పై మెట్టు దాకా ఎక్కిందట. మెట్లు జారాయి. పిల్ల కింద పడింది, ఆ ఇనప ఫ్రేము పిల్ల కాలి మీద పడింది. నేను వెళ్లేసరికి మస్తాన్ దాన్ని ఒక్కడే ఎత్తి పట్టుకుని ఉన్నాడు. నలుగురు ఎత్తాల్సిన బరువు. ఇంతకంటే రాయలేను.

గుంటూరు ఆసుపత్రిలో బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాను. నా జేబులో నాలుగు బోల్టులు ఉన్నాయి. కదిలితే చప్పుడవుతాయని కదలకుండా కూర్చున్నాను. అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

“మీరు ముందే చెప్పారు సార్. ఫోన్ చేసి మరీ చెప్పారు. పిల్లతో రావద్దన్నారు. నేనే ఇనలా.”

డాక్టరుకి అదే చెప్పాడు. తన బావమరుదులకి అదే చెప్పాడు. పోలీసులకి కూడా అదే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాడు. సారు ముందే చెప్పారు, మెట్లు లూజుగా ఉన్నాయని తెలిసి కూడా పిల్లని ముందుకి వదిలాను, తప్పు నాది. అతను ఆ మాట అన్న రోజునే నేను నోరు తెరిచి ఉంటే? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం, పిల్లకి ఆపరేషన్ అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆపరేషన్లు మూడయ్యాయి. అప్పటికి ఓనరు గారు నన్ను ఆఫీసుకి పిలిచి ముందుచూపున్న మనిషివయ్యా అని మెచ్చుకున్నారు. తల ఊపి వచ్చేశాను. బోల్టులు ఎప్పుడో స్టోరు డబ్బాలో వేసేశాను.

రేష్మా కుడికాలు పొట్టిదైపోయింది. ఒక బూటుకి కింద మందంగా అట్ట వేయించుకుని నడుస్తుంది. పడిపోయిన ఆ మెట్లు బిగించి ఇచ్చాక మస్తాన్ మళ్లీ ఎత్తు ఎక్కలేదు. పార్కు పని మానేసి ఇంటి ముందు గదిలో మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. హసీనా అతనితో మాట్లాడటం మానేసింది. ఇల్లు విడిచి పోలేదు, వంట మానలేదు, జబ్బు చేస్తే మందులిచ్చింది. మాట మాత్రం లేదు. మెట్లు బాగాలేవని తెలిసి పిల్లని వదిలిన మనిషితో ఏం మాట్లాడను అందట. ఏం చెప్పాలన్నా మధ్యలో కూతురుండాలి. “అన్నం పెట్టానని చెప్పు మీ నాన్నకి.” “కరెంటు బిల్లొచ్చిందని చెప్పు మీ నాన్నకి.” ఒకే గదిలో, ఎదురెదురుగా కూర్చునే. ఇది నేను నా చెవులతో విన్నాను. ఏడాదికోసారి వాళ్లింటికి పోయేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణి? చెబుదామనా? లేక ఎవరికీ అనుమానం రాలేదని చూసుకుందామనా? నాకే తెలియదు. తెలియదని రాయడం కూడా అబద్ధమేమో.

ప్రతి రంజాన్‌కీ మస్తాన్ మా ఇంటికి సేమ్యా పంపిస్తాడు, స్టీలు క్యాను నిండా. నేను వాళ్లింటికి పోయినప్పుడు వచ్చిన ప్రతి బంధువుకీ నన్ను చూపించి ఆ కథే చెబుతాడు. సారు ముందే చెప్పారు. ఆ సేమ్యా ఒక్క చెంచా కూడా నేను తినలేదు. షుగరని ఇంట్లో చెప్పాను. లేని జబ్బు పేరు చెప్పి పదకొండేళ్లుగా అన్ని స్వీట్లూ మానేశాను. ఒక అబద్ధానికి ఎన్ని పిల్లలు పుడతాయో చూడండి.

పోయిన నెల రేష్మా మా ఇంటికి వచ్చింది. డిగ్రీ అయిపోయింది, హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, హాస్టల్లో ఉంటుందట. అభినందించాను. తను కుర్చీ అంచున కూర్చుని, వచ్చిన పని చెప్పింది.

“అంకుల్, నేను పోతే ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. ఎట్టా ఉంటారో అర్థం గావట్లా. నాన్న తప్పేం లేదని ఒక్కసారి మా అమ్మకి మీరు చెప్పండి. మీ మాటయితే ఇంటది.”

ఆ పిల్ల నన్ను అడిగింది. లోకంలో ఇంతమంది ఉండగా నన్నే అడిగింది. తను మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

నాలుగు వారాలు ఆగాను. ఇంకో నాలుగు రోజుల్లో తను బయల్దేరుతుందనగా, శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాను. మస్తాన్ నమాజు చేసుకుని అప్పుడే వచ్చాడు. రేష్మా సూట్‌కేసు పక్కన కింద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. హసీనా వంటగది గుమ్మంలో నిలబడింది. కూర్చోమన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

“ఆ మెట్లకేం గాలా భాయ్,” అన్నాను. “నీకు ఫోన్ చేసినప్పుడు బాగానే ఉన్నయ్. ఓనరు మనుషులొస్తన్నారని నీతో అబద్ధం చెప్పా. నువ్వొస్తానన్నావని పొద్దున్నే బోల్టులు నేనే విప్పేశా. నాలుగూ.”

మస్తాన్ నా వంక చూసి నవ్వాడు.

“అమ్మాయొచ్చి అడిగిందా సార్? నా కోసరం తప్పు మీ మీదేసుకుంటున్నారా? అంత మంచితనం పనికిరాదు సార్. స్పానరు పట్టటమే రాదు మీకు.”

ఇది నేను అనుకోలేదు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. నమ్మడని అనుకోలేదు. పదకొండేళ్లు దాచుకున్న నిజం బయటపెడితే అది కూడా నా మంచితనం కిందే జమ అయింది. హసీనా ముఖం ఇంకా బిగుసుకుంది. భర్తే నన్ను పిలిపించి అబద్ధం చెప్పిస్తున్నాడని అనుకుందేమో. నేను చెప్పడం వల్ల అతని బతుకు ఇంకా అన్యాయమయ్యేట్టుంది. బతిమాలాను. నన్ను నమ్మమని, నేను అంత చెడ్డవాణ్ణేనని, చేతులు జోడించి బతిమాలాను.

“కుడివైపు కింది బోల్టు తుప్పుపట్టి రాలా భాయ్. స్పానరుకి పైపు తొడిగి తిప్పా. జెయింట్ వీల్ కాడ నువ్వే చూపించావు గదా అట్టా తిప్పటం. తలకాయ మీద పెయింటు ఊడొచ్చింది.”

మస్తాన్ నవ్వు ఆగిపోయింది. ప్రమాదం తర్వాత ఆ మెట్లు మళ్లీ బిగించింది అతనే. ఆ బోల్టు అతని చేతిలోకి వచ్చి ఉంటుంది. పెయింటు ఊడిన ఆ తలకాయని చూసి, ఎవరో రిపేరు కోసం విప్పారనుకుని ఉంటాడు. ఇప్పుడు అతని చూపు నా చేతుల మీద పడింది. మెల్లగా అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. “పొద్దున విప్పారా?” అన్నాడు, తనలో తనే. “మేమొచ్చే పొద్దునే?”

అవునన్నాను. ఫౌంటెన్ దగ్గర ఆగిన సంగతి కూడా చెప్పాను. జేబులో బోల్టులతో ఆసుపత్రిలో కూర్చున్న సంగతీ చెప్పాను. ఏదీ దాచలేదు. రేష్మా చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది. నా వైపు చూడలేదు. తన కాలి వైపు కూడా చూసుకోలేదు. క్షమించమని అడగాలని వెళ్లాను గాని ఆ పిల్ల ముందు ఆ మాట నోటికి రాలేదు. ఏ ముఖంతో అడగను?

అప్పుడు హసీనా మాట్లాడింది.

“పొమ్మని చెప్పు ఈయన్ని.”

రేష్మా అలవాటు కొద్దీ తలెత్తింది. కాని హసీనా చూస్తున్నది కూతుర్ని కాదు. స్టూలు మీద కూర్చున్న మస్తాన్‌ని.

మస్తాన్ కూడా తనతో కాదనుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు.

“నీకే చెప్పేది,” అంది హసీనా. “లేచి పొమ్మని చెప్పు.”

అతను చెప్పే దాకా నేను ఆగలేదు. చెప్పులు కాళ్లకి సరిగ్గా తొడుక్కోకుండానే వీధిలోకి వచ్చేశాను. వెనక లోపల ఎవరో ఏడుస్తున్నారు. ఆ గొంతు మస్తాన్‌దో హసీనాదో పోల్చుకోలేకపోయాను. ఇంటికి పోవడానికి సత్తెనపల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరూ నన్ను క్షమించలేదు. క్షమిస్తారని ఎదురుచూడటం కూడా లేదు. ఆ ఇంట్లో ఇక నా మంచి పేరు లేదు, అంతే. చానా ఏళ్ల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. అలా పీల్చుకోగలిగినందుకు సిగ్గేసింది. అయినా పీల్చుకుంటూనే ఉన్నాను.